రోడ్డుకి అవతల నిలబడిన తల్లులు

"తియ్యమాకమ్మాయ్, చలిగాలి. చెవుల్లోకి పోయిందంటే మళ్ళీ మొదటికొస్తది."

"లోపల చెమట పడుతోంది అత్తయ్యా. చూడండి, జుట్టంతా ఎలా తడిసిపోయిందో."

"పట్టనీ. చెమట పడితే ఒంట్లో ఉన్నదంతా బయటికి పోతుంది."

మంకీ క్యాప్ మీద ఆ ఇంట్లో తగువు మొదలై వారం దాటింది. ప్రతి పొద్దున్నా శివపార్వతి మనవరాలి తలకి నీలం ఉన్ని టోపీ తొడిగి గడ్డం కింద బొత్తాం పెడుతుంది. ప్రతి పొద్దున్నా బయల్దేరే ముందు కోడలు భానుశ్రీ దాన్ని ఊడదీసి సోఫా చేతి మీద పడేస్తుంది. అది మళ్ళీ తలకెక్కుతుంది, మళ్ళీ దిగుతుంది. పది నెలల మనోజ్ఞ ఇద్దరి చేతుల్లోనూ ఒకేలా తల వాల్చేసి, ముక్కులో గుర్రుగుర్రుమనిపిస్తూ, ఈ గొడవ తనది కానట్టు చూస్తూ ఉంటుంది.

"మీ ఇద్దరూ కలిసి దాని మెడ విరిచేట్టున్నారు," అన్నాడు గోపీనాథ్, టీవీ వెనక కొట్టు తాళాల కోసం వెతుకుతూ.

"నీ పెళ్ళానికి నువ్వు చెప్పరా. ఇంత మంచులో బోడితలతో తీసుకుపోతానంటది. కాలవ పక్కన ఆటోలో పోవాలాయె. ఆ గాలికి పెద్దోళ్ళమే దగ్గుతున్నాం."

"బెజవాడలో మంచేంటమ్మా! ఏ కాశ్మీరులోనో ఉన్నట్టు మాట్లాడతావు."

"నువ్వు నోర్ముయ్."

భానుశ్రీ నవ్వలేదు. టోపీ గురించి ఆమె చెప్పింది అబద్ధం కాదు, పిల్లకి చెమట పడుతున్న మాట నిజమే. కాకపోతే అసలు కారణం అది కాదు. డేకేర్ గేటు దగ్గరికి చేరేలోపల పిల్ల నుదురు చల్లబడాలి. టోపీ ఉంటే చల్లబడదు. ఆ సంగతి అత్తగారితో చెప్పుకునేది కాదు.

"ఇట్టా రా నా బంగారూ," అంటూ శివపార్వతి పిల్ల మెడ కింద చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. "అమ్మాయ్, ఒళ్ళు వెచ్చగా ఉందే!"

"నిద్ర లేచిన వేడి అత్తయ్యా."

"నిద్ర లేచి ఎంతసేపయిందని?"

"ఆ టోపీ వల్లే. అందుకే తియ్యమంటున్నాను."

కిటికీ వెలుగులో పేపరు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదువుకుంటున్న మామగారు అంకమ్మరావు తలెత్తి కోడలి వైపు ఒకసారి చూశాడు. మళ్ళీ పేజీ తిప్పాడు.

శివపార్వతి ఇంకోసారి చెయ్యి వేసి చూడబోయింది. భానుశ్రీ అప్పటికే పిల్లని భుజాన వేసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వంటింటి వెనక వాషింగ్ మిషన్ పెట్టుకునే ఇరుకు బాల్కనీ ఉంది. అక్కడ నిలబడితే ఇంట్లో ఎవరికీ కనబడరు. కింద వన్ టౌన్ సందు అప్పుడే నిద్ర లేస్తోంది. బట్టల మూటలు వేసుకున్న తోపుడుబళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతున్నాయి. భానుశ్రీ సబ్బుల పెట్టె వెనక నుంచి జ్వరం మందు సీసా తీసింది. తన పుట్టింటివాళ్ళు పెట్టిన వెండి ఉగ్గుగిన్నెలోకి కొలిచి పోసింది. మనోజ్ఞ నోరు బిగించలేదు, మొహం తిప్పుకోలేదు. మొదట్లో ఉమ్మేసేది, కాళ్ళతో తన్నేది. ఇప్పుడు ఉగ్గుగిన్నె కనబడగానే తనంతట తనే నోరు తెరుస్తోంది.

ఉగ్గుగిన్నె కడిగి, తుడిచి, సీసా మళ్ళీ సబ్బుల వెనక దాచింది. టోపీ సోఫా మీదే వదిలేసి మెట్లు దిగింది.

* * *

పిల్లని డేకేర్‌లో వేసింది దసరా వెళ్ళాక. వాళ్ళది కింద బట్టల హోల్‌సేల్ కొట్టు, పైన ఇల్లు. అంకమ్మరావు పెడన నుంచి చిన్నప్పుడే వచ్చి, నేతబట్టల మూటలు మోసి, ఆ కొట్టు నిలబెట్టాడు. ఆయన చూపు మందగించిన దగ్గర నుంచీ శివపార్వతి కూడా కొట్లోనే కూర్చుంటోంది. చీరలు కొనడానికి వచ్చే ఆడవాళ్ళతో బేరం ఆవిడే చేయాలి, గోపీనాథ్ వల్ల కాదు. పిల్లని కూడా కొట్లో పెట్టుకుని చూద్దామని తానుల బీరువాలకి ఉయ్యాల కట్టారు. నూలు దుమ్ముకి పిల్ల ఎడతెగకుండా తుమ్మింది. డాక్టరు గారు ఆ దుమ్ములో ఉంచవద్దన్నారు. అలా డేకేర్ తప్పలేదు.

వేసిన వారానికి జలుబు. అది తగ్గకముందే విరేచనాలు. ఆ తర్వాత కళ్ళకలక, ఇంట్లో అందరికీ అంటించింది. తర్వాత అరచేతుల్లో, నోట్లో పొక్కులు. మళ్ళీ జలుబు.

"మొదటి ఏడాది ఇంతేనమ్మా," అన్నారు డాక్టరు గారు. ఆవిడకి ఇలాంటి తల్లుల్ని చూసీ చూసీ అలవాటైపోయింది. "పదిమంది పిల్లల్లో పడేసరికి, రెండు మూడేళ్ళలో రావాల్సినవన్నీ ఒక్కసారే వస్తాయి. ఒళ్ళు నేర్చుకుంటుంది. భయపడకండి. పాలు తాగడం మానేసినా, ఊపిరి ఎగపీలుస్తున్నా మాత్రం వెంటనే తీసుకురండి. జ్వరం వస్తే ఎన్నాళ్ళ నుంచి ఉందో నాకు సరిగ్గా చెప్పాలి. అదొక్కటీ తెలిస్తే సగం జబ్బు తెలిసినట్టే."

ఒళ్ళు నేర్చుకునేదాకా ఆఫీసు ఆగదు కదా. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బిల్డర్ ఆఫీసులో భానుశ్రీ అకౌంట్స్ చూస్తుంది. కాన్పు తర్వాత ఇంట్లో అందరితో నెలల తరబడి వాదించి మళ్ళీ సంపాదించుకున్న ఉద్యోగం. అక్కడ ఆమెకి కిటికీ పక్కన కుర్చీ ఉంది. రోజంతా కోడలా, అమ్మా, అమ్మాయ్ అని కాకుండా ఎవరో ఒకరు భానుశ్రీ గారూ అని పిలిచే చోటు అదొక్కటే. సెలవులన్నీ అయిపోయాయి. పోయినసారి ఫోన్ చేసి రాలేనన్నప్పుడు మేనేజరు లక్ష్మీకాంత్ గారు ఒక్క మాట కూడా తూలలేదు. చాలా మెత్తగా, "పాపని చూసుకోండమ్మా. ఇక్కడ పని ఎవరో ఒకళ్ళు చూసుకుంటార్లే," అన్నారు. ఆ మెత్తదనమే ఆమెకి రోజుల తరబడి నిద్ర పట్టనివ్వలేదు.

హెప్సిబా గారి డేకేర్ పటమటలో ఒక సందులో ఉంది. ఆవిడ రిటైరైన టీచరు. సొంత ఇంట్లోనే కింద భాగం పిల్లలకి వదిలేసింది. ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. జ్వరం ఉన్న పిల్లని గేటు దాటనివ్వదు. ప్రతి పొద్దున్నా తనే గేటు దగ్గర నిలబడి, వేడి చూసే తెల్లటి మిషన్ పిల్లల నుదుటికి గురిపెడుతుంది. ఆకుపచ్చ లైటు వెలిగితే లోపలికి, ఎర్రది వెలిగితే ఇంటికి. ఎంత బతిమాలినా వినదు. అందుక్కారణం ఆవిడ చంకలోనే ఉంటుంది. మనవరాలు హన్నా నెలలు నిండకుండా పుట్టింది. ఏడాది దాటినా మనోజ్ఞకన్నా తేలిగ్గా ఉంటుంది. మెడ మీద నరాలు నీలంగా కనబడతాయి.

"దీనికి ఊపిరితిత్తులు గట్టిపడలేదమ్మా," అని చేరిన రోజునే చెప్పింది. "మీ పిల్లలకి దగ్గొస్తే దగ్గే. దీనికొస్తే దగ్గుతో పోదు. అందుకే నాకీ చాదస్తం. ఏమీ అనుకోకండి."

ఎవరూ ఏమీ అనుకోలేదు. అందరూ సరేనన్నారు.

కిటుకు చెప్పింది సాయిశ్రీ. ఆమె కొడుకు జయంత్ కూడా అక్కడే ఉంటాడు. ఒకరోజు ఎర్ర లైటు వెలిగి భానుశ్రీ పిల్లతో వెనక్కి తిరిగినప్పుడు సాయిశ్రీ పక్కకి పిలిచింది.

"ఏంటక్కా నువ్వు మరీనూ! మందు ఇంట్లో పోసుకుని రావాలి. పోశాక కాసేపు ఆగాలి. వెంటనే వస్తే పట్టేస్తుంది."

"తప్పు కదా సాయీ."

"ఏం తప్పు? మందే కదా పోస్తున్నాం, విషం కాదుగా. ఎట్టాగూ పోసేదే, కాస్త ముందు పోస్తున్నాం. నువ్వొక్కదానివే సత్యహరిశ్చంద్రుడి చెల్లెలివి అవుతావా ఏంటి?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ మర్నాడు భానుశ్రీ మందు సీసాని సబ్బుల పెట్టె వెనక్కి మార్చింది.

* * *

ఆటో సందు మొగలో దిగి భానుశ్రీ గేటు వైపు వెళ్ళలేదు. ఇంకా కాసేపు ఆగాలి. రోడ్డుకి అవతల మూసి ఉన్న టైలరింగ్ షాపు అరుగు దగ్గర నిలబడి, పిల్ల నుదుటికి తన చెంప ఆనించింది. వేడి ఇంకా దిగలేదు.

అప్పుడు చూసిందామె. నాలుగడుగుల దూరంలో, పార్కు చేసిన కారుకి ఆనుకుని సాయిశ్రీ నిలబడి ఉంది. భుజం మీద జయంత్ నిద్రపోతున్నాడు. దానికవతల పాల బూతు నీడలో ఇంకో తల్లి. ఆమె చంకలో పిల్లకి బుగ్గలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఆపైన కరెంటు స్తంభం పక్కన ఇంకొకామె, మాటిమాటికీ ఫోన్లో టైము చూసుకుంటోంది. అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. కనబడితే పలకరించుకోకుండా ఉండరు. ఈ పొద్దున ఎవరూ ఎవరివైపూ చూడటంలేదు. తలా ఒక పిల్లని పట్టుకుని, చెంపలు ఆనించి, అరచేతులు వేసి, వేడి దిగడం కోసం ఎదురుచూస్తున్నారు.

పిల్లల్లో ఒక్కరూ ఏడవడం లేదు.

తనొక్కతే అనుకుంది భానుశ్రీ ఇన్నాళ్ళూ. సాయిశ్రీ, తనూ, మహా అయితే.

ముందుగా స్తంభం దగ్గరి ఆమె రోడ్డు దాటింది. ఆకుపచ్చ. ఆ తర్వాత పాల బూతు దగ్గరామె. ఆకుపచ్చ. సాయిశ్రీ వెళ్తూ వెళ్తూ భానుశ్రీ పక్క నుంచి, "పద, దిగే ఉంటుంది," అని గొణిగింది.

"గుడ్ మార్నింగ్ మనోజ్ఞా!" హెప్సిబా గారు మిషన్ గురిపెట్టింది. చంకలో హన్నా, దాని నెత్తిన చిన్న తెల్ల గుడ్డ. ఆకుపచ్చ లైటు వెలిగింది. "ప్రభువు దయ. నిన్న మధ్యాహ్నం కొంచెం వెచ్చబడిందమ్మా, తడిగుడ్డ పెట్టి తుడిచాను. ఇంటికెళ్ళాక ఎలా ఉంది?"

"బాగానే ఉందండీ. రాత్రంతా హాయిగా పడుకుంది."

హన్నా చెయ్యి చాచి మనోజ్ఞ ముక్కు పట్టుకుంది. రెండు మొహాలూ దగ్గరగా వచ్చాయి. మనోజ్ఞ తుమ్మింది. హన్నా ఉలిక్కిపడి, తర్వాత కిచకిచా నవ్వింది.

"చూడు, స్నేహితురాలు," అంది హెప్సిబా గారు మురిసిపోతూ.

భానుశ్రీ పిల్లని ఆవిడ చేతిలో పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది. బెంజ్ సర్కిల్ దాకా నడుస్తూనే వెళ్ళింది, ఆటో ఎక్కాలన్న సంగతి కూడా గుర్తు రాలేదు. మందు పట్టు ఎంతసేపుంటుందో తనకి తెలుసు. ఆఫీసులో కూర్చుని, భోజనాల వేళ దగ్గరపడుతున్నకొద్దీ ఆ ఇల్లే కళ్ళ ముందు మెదిలింది. చాపల మీద వరసగా పడుకున్న పిల్లలు. ఒకరి తర్వాత ఒకరికి మందు దిగిపోతూ, ఒకరి తర్వాత ఒకరి ఒళ్ళు వేడెక్కుతూ. మధ్యలో హన్నా పాకుతూ.

ఫోన్ మోగింది. హెప్సిబా గారే.

"మళ్ళీ వెచ్చబడిందమ్మా. పొద్దున ఏమైనా తేడాగా ఉందా?"

"లేదండీ. పొద్దున బాగానే ఉంది," అంది భానుశ్రీ. ఎదురుగా లక్ష్మీకాంత్ గారు ఫైలు పట్టుకుని నవ్వుమొహంతో నిలబడి ఉన్నారు. "సాయంత్రం కాస్త ముందొస్తానండీ."

ముందు వెళ్ళలేకపోయింది.

* * *

ఆదివారం కొట్టు షట్టరు సగం దింపి సరుకు సర్దుకుంటున్నారు. మనోజ్ఞకి ఒళ్ళు చల్లగా ఉంది. పాలు కొంచెం తాగింది. అత్తగారు వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి వేయబోతే వద్దని ఆపి, భానుశ్రీ కాసేపటికే కదా అని పిల్లని కిందికి తెచ్చింది.

అంకమ్మరావు ఒక తెల్లటి తాను విప్పి, ట్యూబ్‌లైటు కింద పరిచి, వేళ్ళతో తడుముతున్నాడు. చూపు ఆనకపోయినా ఆ వేళ్ళకి అన్నీ తెలుస్తాయి. ఒకచోట ఆగాడు. పోగు తెగి చిన్న గీతలా సందు పడింది. జేబులోంచి ఎర్ర దారం తీసి, సరిగ్గా దానికెదురుగా అంచుకి ముడివేశాడు. లోపం ఉన్న చోట కొనేవాడికి కనబడేట్టు ఎర్ర దారం కట్టడం ఆయనకి మొదటి నుంచీ అలవాటు. అది చూస్తే గోపీనాథ్‌కి ఒళ్ళు మండుతుంది.

"కొనేవాడు చూడలేదు, అడగలేదు. నీకెందుకు నాన్నా తొందర? మన పక్క కొట్టువాడు గంజి పెట్టి, ఇస్త్రీ కొట్టి, లోపలి మడతలో పెట్టి ఇస్తాడు."

"ఇస్తే లోపం ఎటు పోద్దిరా? తానులోనే కదా ఉండేది. మన కొట్లో బయటపడాల్సింది ఇంకొకడి ఇంట్లో బయటపడతది."

"పడితే పడనీ."

"అప్పుడు వాడు నేసినోణ్ణి తిడతాడు. మగ్గం మీద కూర్చున్నోణ్ణి. అదీ నా బాధ."

"తండ్రీకొడుకులు ఆ తాను చింపేట్టున్నారు," అంది శివపార్వతి. "మా టోపీ గొడవే నయం."

మనోజ్ఞ నేల మీద పాకి, కింద పడ్డ ఎర్ర దారం ముక్క గుప్పిట్లో బిగించింది. భానుశ్రీ తీయబోతే ఇవ్వలేదు. అంత గట్టి పట్టు ఆ పిల్లకి ఉండి చాలా రోజులైంది. తల్లి సంతోషపడింది.

ఆ సంతోషం రాత్రి దాకా కూడా నిలవలేదు. దీపాలు పెట్టే వేళకి ఒళ్ళు మళ్ళీ కాగుతోంది.

* * *

సోమవారం గేటు దగ్గర హెప్సిబా గారి చంక ఖాళీగా ఉంది. చీర నలిగి ఉంది. కళ్ళ కింద నల్లగా ఉంది. చేతిలో మిషన్ మాత్రం కొత్తది. దాని మీది ప్లాస్టిక్ కాగితం కూడా ఇంకా పూర్తిగా ఊడలేదు.

"హన్నా ఏదండీ?" అంది భానుశ్రీ.

"ఆస్పత్రిలో ఉందమ్మా. ఆక్సిజన్ పెట్టారు. మా జాన్‌బాబు, కోడలు అక్కడే ఉన్నారు." జాన్‌బాబు ఆవిడ కొడుకు. "శుక్రవారం కాస్త దగ్గింది. శనివారానికి డొక్కలు ఎగరేయడం మొదలుపెట్టింది. నేను కూడా పోదును. మీకందరికీ ఆఫీసులు ఉంటాయి కదా, పిల్లల్ని ఎక్కడ పెట్టుకుంటారని వచ్చాను."

భానుశ్రీ పిల్లని ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది.

"నాకొకటే అర్థం కావట్లేదమ్మా. ఎక్కడి నుంచొచ్చింది? దాన్ని నేను చర్చికి కూడా తీసుకెళ్ళడం మానేశాను. ఇక్కడికొచ్చే పిల్లలందరినీ నా చేత్తో నేనే చూస్తున్నాను. ఈమధ్య ఒక్కళ్ళకీ ఎర్ర లైటు రాలేదు." హెప్సిబా గారు చేతిలో మిషన్ అటూ ఇటూ తిప్పి చూసింది. "పొద్దున బాగున్న పిల్లలు మధ్యాహ్నానికి వెచ్చబడుతున్నారంటే, మిషన్ పాడైనట్టుంది. దాన్ని నమ్ముకుని మోసపోయాను. నిన్ననే వెళ్ళి ఇది కొన్నాను. నా బుద్ధితక్కువ, ముందే మార్చాల్సింది. ఏదీ, నుదురు ఇట్టా చూపించు తల్లీ."

కొత్త మిషన్ చిన్నగా కూసింది. ఆకుపచ్చ లైటు వెలిగింది.

"ఇదిగో, ఇది కరెక్టుగా చూపిస్తుంది," అంది హెప్సిబా గారు. పిల్లని అందుకుంటూ గుప్పిట చూసింది. "ఇదేంటి, దారమా? మింగుతుంది." వేళ్ళు ఒక్కొక్కటే విప్పి ఎర్ర దారం ముక్క తీసి భానుశ్రీ చేతిలో పెట్టింది.

ఈసారి వేళ్ళు తేలిగ్గానే విడిపోయాయి.

రోడ్డుకి అవతల సాయిశ్రీ, ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. విన్నారో లేదో తెలియదు. సాయిశ్రీ కొడుకుని ఒక భుజం మీద నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది. భానుశ్రీ దాటి వెళ్తుంటే, "హన్నా సంగతి అక్కా..." అని మొదలుపెట్టి ఆపేసింది. భానుశ్రీ ఆగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

"మనవల్ల అని ఏముందిలే," అంది చివరికి సాయిశ్రీ. "గాలిలో కూడా వస్తుంది కదా."

"ఆ."

"ఇయ్యాళొక్క రోజు చూసి రేపటి నుంచి..." అంటూనే ఆమె పిల్లాడి నుదుటికి చెంప ఆనించి చూసుకుంది.

ఆఫీసులో భానుశ్రీ ఒకే అంకెల వరసని మళ్ళీ మళ్ళీ కూడింది. ప్రతిసారీ వేరే మొత్తం వచ్చింది. భోజనాల వేళ ఫోన్ రాలేదు. ఎందుకు రాలేదో అన్న భయం, వస్తే ఏం వినాల్సొస్తుందో అన్న భయంకన్నా ఎక్కువగా ఉంది. ఉండబట్టలేక తనే చేసింది.

"పడుకునే ఉందమ్మా," అంది హెప్సిబా గారు. అవతల చాలా నిశ్శబ్దంగా ఉంది. అంతమంది పిల్లలున్న ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండకూడదు. "పాలు వద్దంటోంది. నీళ్ళు పట్టాను. పక్కనే కూర్చున్నాను. నువ్వు పని చూసుకో."

భానుశ్రీ లేచింది. లక్ష్మీకాంత్ గారి గదిలోకి వెళ్ళి, "నేను వెళ్ళాలి సార్," అంది. ఆయన ఎప్పటి మెత్తదనంతోనే తలూపబోయారు. ఆమె ఆయన మాట వినడానికి ఆగలేదు.

* * *

డాక్టరు గారు స్టెతస్కోపు ఒకే చోట చాలాసేపు పెట్టి విన్నారు. పిల్ల డొక్కల వంక చూశారు. వేలికి క్లిప్పు పెట్టి చూశారు. ఈసారి నవ్వలేదు.

"జ్వరం ఎన్నాళ్ళ నుంచమ్మా?"

గోపీనాథ్ భార్య వంక చూశాడు. ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే కొట్టు వదిలేసి నేరుగా వచ్చాడతను.

"రాత్రి నుంచి అనుకుంటానండీ," అన్నాడు. "నిన్నంతా బాగానే ఉంది."

"అమ్మా, మీరు చెప్పండి. ఎన్నాళ్ళ నుంచి?"

భానుశ్రీకి నిజంగానే తెలియదు. ప్రతి పొద్దున్నా జ్వరం ఎంతుందో చూడకుండానే మందు పోసింది. వచ్చిందో రాలేదో, ఒకసారి తగ్గి మళ్ళీ వచ్చిందో, అసలు ఎన్నడూ తగ్గనే లేదో, తను చూడలేదు. తన పిల్ల ఒంట్లో ఏం జరుగుతోందో తనకే కనబడకుండా మూతపెట్టుకుంటూ వచ్చింది.

"తెలియదండీ," అంది. "మందు పోస్తూ వచ్చాను. వారం పైనే అయింది."

"వారమా!" అన్నాడు గోపీనాథ్.

డాక్టరు గారు తిట్టలేదు. చీటీ మీద రాసుకున్నారు. "కుడివైపు కింద శబ్దం వస్తోంది. ఎక్స్‌రే తీయించండి. మందు మొదలుపెడదాం. ఆక్సిజన్ ఇప్పటికి బాగానే ఉంది కాబట్టి ఇంటికి పంపుతున్నాను. ఊపిరి ఏమాత్రం వేగం పెరిగినా టైము చూసుకోకుండా తీసుకొచ్చేయండి. రేపు ఎలాగూ ఒకసారి చూపించండి. డేకేర్‌లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

"ఉందండీ," అంది భానుశ్రీ. "ఒక పాపని ఆస్పత్రిలో చేర్చారు."

* * *

భోజనాలకి కూర్చునేసరికి చలి బాగా ముదిరింది. కిటికీ తలుపులు వేసి, మనోజ్ఞ ఉయ్యాల భోజనాల బల్ల పక్కకే తెచ్చుకున్నారు. టీవీ పెట్టలేదు. అన్నం కలుపుకుంటూ కూడా అందరి చెవులూ ఉయ్యాల వైపే ఉన్నాయి. పిల్ల ఊపిరి పీల్చినప్పుడల్లా సన్నగా ఈల వేసినట్టు వినబడుతోంది. ఒక ఈలకీ ఇంకో ఈలకీ మధ్య గోపీనాథ్ చెయ్యి కంచంలో ఆగిపోతోంది.

"అంతా ఆ డేకేరావిడే చేసింది," అంది శివపార్వతి కళ్ళు ఒత్తుకుంటూ. "బంగారంలాంటి పిల్లని తీసుకెళ్ళి ఆవిడ చేతుల్లో పెడితే ఏ రోగిష్టి పిల్లల పక్కన పడుకోబెట్టిందో ఏమో! ఆవిడ మనవరాలే రోగంతో ఉందంటగా. అది తెచ్చి మన పిల్లకి అంటించింది. రేపు నేనే పోయి అడుగుతా. నాలుగు మాటలు అడక్కపోతే నా పేరు శివపార్వతి కాదు."

"అమ్మ చెప్పింది నిజమే," అన్నాడు గోపీనాథ్. "డేకేర్ మార్చేద్దాం. ఆవిడ మీద కంప్లయింట్ పెట్టాలసలు. గేటు దగ్గర చూసి పంపుతానని కబుర్లు చెప్పింది కదా."

అంకమ్మరావు మజ్జిగ పోసుకోబోయి గ్లాసు కింద పెట్టాడు. భోజనాల బల్ల మీద, కోడలి కంచం పక్కన, కొంగులోంచి జారి పడ్డ ఎర్ర దారం ముక్క కనబడుతోంది. ఆయన దాన్ని చూశాడో లేదో భానుశ్రీకి తెలియలేదు.

ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి, ఉయ్యాల పక్కన నిలబడింది. పిల్ల నుదుటి మీద అరచెయ్యి వేసింది. ఈ సాయంత్రం పోసిన మందు డాక్టరు గారు రాసిందే, అందరి ఎదురుగా పోసిందే. సబ్బుల వెనకది సింకులో పారబోసి వచ్చింది.

"మీరెవరూ ఆవిడ్ని అడగడానికి వెళ్ళొద్దు అత్తయ్యా," అంది. గొంతు పెంచలేదు. ఉయ్యాల ఊపడం ఆపలేదు. "మనూకి రోజూ పొద్దున మందు పోసి, వేడి దిగాక గేటు దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. ఆ మిషన్‌కి దొరక్కుండా. మీ టోపీ అందుకే తీసేదాన్ని. హన్నాకి ఎవరి నుంచి అంటిందో ఎవరూ చెప్పలేరు. నా నుంచి కాదని మాత్రం నేను చెప్పలేను."

శివపార్వతి చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది. గోపీనాథ్ ఏదో అనబోయాడు. అంకమ్మరావు కొడుకు మణికట్టు మీద చెయ్యి వేశాడు.

"హెప్సిబా గారు రేపు డేకేర్ తెరవనని చెప్పి ఆస్పత్రికే వెళ్ళారు. ఫోన్‌లో చెప్పేది కాదు. పొద్దున్నే వెళ్ళి ఎదురుగా చెప్తాను. ఏ డాక్టరు అడిగినా చెప్పడానికి వాళ్ళకి అది తెలియాలి. తర్వాత డేకేర్ తల్లుల వాట్సాప్ గ్రూపులో పెడతాను, నా పేరుతోనే. సాయిశ్రీ వాళ్ళు నన్ను తిట్టుకుంటారు, తిట్టుకోనీ. ఆవిడ మనూని ఇక రానివ్వనంటే అది ఆవిడ ఇష్టం. మన పిల్లకి పూర్తిగా తగ్గేదాకా ఎక్కడికీ పంపను. ఒక రోజు నేనుంటాను, ఒక రోజు మీరు కొట్టు నుంచి పైకొస్తారు అత్తయ్యా, ఒక రోజు మీ అబ్బాయి ఉంటారు. అలా కుదరదని ఆఫీసు వాళ్ళు అంటే, అప్పుడు ఆ ఉద్యోగం సంగతి చూస్తాను. అది వాళ్ళు చెప్పాలి, మనం కాదు."

ఉయ్యాలలో ఊపిరి ఒకసారి ఆగినట్టయి, మళ్ళీ ఈల వేసింది. నలుగురూ ఒకేసారి తలతిప్పి చూశారు.

"పొద్దున ముందు మనూని డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామండీ," అంది భానుశ్రీ భర్తతో. "అక్కడి నుంచి నన్ను హన్నా ఉన్న ఆస్పత్రి దగ్గర దింపండి."